తెర తాడు

నరసాపురం టౌనుహాల్లో
ముప్ఫై ఒక్కేళ్ళుగా తెర లాగేది నేనే.
మునిసిపాలిటీ రిజిస్టర్లో నా పేరు పక్కన
వాచ్‌మన్ అని ఉంటుంది.
తాడుకి ఆ సంగతి తెలీదు.

కొబ్బరిపీచు తాడు.
వానాకాలం బిగుసుకుపోతుంది,
ఎండలకి సాగుతుంది.
అందుకే మా ఊళ్ళో వేసవి నాటకాలు
రెండు జానెలు ఆలస్యం.

పగలు ఇది హాలు కాదు.
పింఛన్ల వరస, టీకాల ఏడుపు,
ఓట్లు లెక్కపెట్టిన బల్లల మీదే
మర్నాడు కుట్టుమిషన్ల పంపకం.
చీకటి పడ్డాక ఎవరో హార్మోనియం పెట్టె మూత తీస్తారు,
అప్పుడు గోడలకి తామెవరో గుర్తొస్తుంది.

పాలకొల్లు వెళ్ళే ఆఖరి బస్సు
రాజు చచ్చిపోయేదాకా స్టాండు కదలదు.
డ్రైవరు భీమేశ్వరుడు వెనక నిలబడి
తాళాలు వేలికి తిప్పుతూ చూస్తాడు.
రాజు పద్యం సాగదీస్తే
టైమైపోయిందని మెల్లిగా దగ్గుతాడు.
ఆ దగ్గు మా నటులందరికీ తెలుసు.

ఆ ఏడు శ్రావణంలో
ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు.
లంకల్లోంచి పడవల మీద మనుషులొచ్చారు,
కోళ్ళతో, తడిసిన రేషను కార్డులతో,
ఒక మేకపిల్లతో.
హాలంతా బురదకాళ్ళు.
ఆడవాళ్ళు చీరలు మార్చుకోవాలయ్యా,
ఏదో ఒకటి దించు, అన్నాడు తాసీల్దారు.
దర్బారు తెర దించాను.

తెర వెనకాల తొమ్మిది రోజులు
గెడ్డం ధనకొండ కాపురం.
సింహాసనం మీద తడిచీర ఆరేసింది.
కిరీటాల పెట్టెలో పసిపిల్లని పడుకోబెట్టింది.
రాత్రిళ్ళు నిద్రపట్టక
బొమ్మ స్తంభాలు లెక్కపెట్టేదట.
ఎనిమిది, ప్రతిసారీ ఎనిమిదే,
ఇల్లు మాత్రం ఒక్క నిట్రాడదే, అదీ పోయింది, అనేది.

మేకపిల్ల అడవి తెర అంచు నమిలేసింది.
ఆకులనుకుందో,
రంగులో కలిపిన గంజి రుచి తగిలిందో.
కోప్పడదామని వెళ్ళి
దాని కళ్ళు చూసి తిరిగొచ్చాను.

మాఘంలో పరిషత్తు పోటీలు.
లంక నుంచి పన్నెండు మంది ఆడవాళ్ళు
టికెట్లు కొనుక్కుని
ముందు వరసలో కూర్చున్నారు, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని.
తాడు లాగాను.
దర్బారు.
ఓదూరి సత్తిరాజు మీసం దువ్వి, శాలువా విసిరి
సింహాసనం ముందు నిలబడ్డాడు.

ధనకొండ లేచింది.
"ఆయ్! అక్కడేనండి నేను పడుకున్నది."

హాలు నవ్వింది. భీమేశ్వరుడు కూడా.
న్యాయనిర్ణేతలు కళ్ళజోళ్ళు సర్దుకున్నారు.
సత్తిరాజు నవ్వలేదు.
రాగం మధ్యలో ఆపి
కింద చూసుకున్నాడు,
ఎవరో నిద్రపోతున్నట్టు
కాళ్ళు కాస్త పక్కకి జరుపుకున్నాడు.
అప్పుడు ఎత్తుకున్నాడు పద్యం.

ఆ రాజుని నేను నాలుగొందల సార్లు చూశాను.
ప్రజలంటే ఎవరో వాడికి తెలిసినట్టు కనిపించింది
ఆ ఒక్క రాత్రే.
బహుమతి రాలేదులెండి.
సంభాషణ మధ్య అనవసర విరామం, అని రాశారు.

తర్వాత్తర్వాత ఎవరో ఇంజనీర్లొచ్చి
టేపు పట్టి కొలిచారు, గోడ తట్టి చూశారు,
కాగితం మీద ఏదో వేసుకెళ్ళారు.
ఇంకా రాలేదు.

ధనకొండ మాత్రం వచ్చింది,
వేసవిలో, మిట్టమధ్యాహ్నం,
సంచిలో జానెడు లేసుపని తెచ్చింది.
"మా మేక చేసిన అప్పండి," అంది.
స్టూలెక్కి తనే కుట్టింది అడవి తెర అంచుకి,
దారం పంటితో తెంపి.

ఇప్పుడు మా అడవిలో ఒక మూల
తెల్లగా పూసి ఉంటుంది, అన్ని కాలాల్లోనూ.
లైట్ల మస్తాను అడక్కుండానే
అటు ఒక కాంతి విసురుతాడు.
పైఊరి నాటకాల వాళ్ళు అడుగుతారు
అదేం చెట్టండీ అని.

తాడు పట్టుకుని ఉంటాను.
చెప్పడానికి చెయ్యి ఖాళీ ఉండదు.